పరదేశి బిడ్డ నోట మన మాట

(ధ్యానమునకు ముందు చదువవలసిన భాగములు: ఆదికాండము 42వ అధ్యాయము, న్యాయాధిపతులు 12:1–6, అపొస్తలుల కార్యములు 2:1–11)



వరికోతలు పూర్తికాక మునుపే మా పాస్టరేటులోని ఒక గ్రామమునకు ప్రతి సంవత్సరము అతిథులు వచ్చుచుందురు. అతిథులని మేము వ్రాసితిమి గాని గ్రామములో ఎవరును వారిని ఆ పేరున పిలువరు. "ఒరిస్సోళ్లు దిగిండ్రు" అందురు. ఒడిశా రాష్ట్రపు పడమటి దిక్కున బలాంగీర్, నువాపాడా, కలహండి, బర్గఢ్ అను జిల్లాలు గలవు. అచ్చట నువాఖాయి, అనగా క్రొత్త ధాన్యపు పండుగ, గడచిన తరువాత సర్దారుల యొద్ద బయానా తీసికొనిన కుటుంబములు కాంటాబాంజి స్టేషనులో రైలెక్కి మన తెలంగాణపు ఇటుక బట్టీలకు వచ్చును. పెద్దపల్లి ప్రాంతమందును హైదరాబాదు చుట్టునున్న జిల్లాలయందును ఇట్టి బట్టీలు అనేకములు. మరల మే, జూను నెలలలో, వానలు పడక మునుపు, తిరిగిపోవుదురు.

బయానా తీసికొనినది తండ్రియే గాని పనికి వచ్చునది కుటుంబమంతయు. తండ్రి మన్ను పిసుకును, తల్లి అచ్చు పోయును, ఎండుచున్న ఇటుకలను తిరుగవేయుటకు చిన్న చేతులు కావలెను. ఇటుక తేలిక, పిల్లవాని అడుగు తేలిక, పచ్చి ఇటుకల నడుమ నడచినను విరుగవు. కూలి వేయి ఇటుకల లెక్కన గనుక ఆ చిన్న చేతులను బడికి పంపుమని తల్లిదండ్రులను అడుగుట సులువైన మాట కాదు. ఈ సంగతి ముందుగా చెప్పితిమేలయనగా, తరువాత మేము చెప్పబోవు భాషా విషయము గాలిలో నున్నది కాదనియు, మన్ను మీదనున్నదనియు చదువరులు ఎరుగుట మంచిది.

చట్టము మంచిదే. 2009లో పార్లమెంటు చేసి 2010 ఏప్రిలు 1 నుండి అమలుపరచిన విద్యాహక్కు చట్టము ప్రకారము 6 నుండి 14 ఏండ్ల వయస్సుగల ప్రతి బిడ్డను బడిలో చేర్చుకొనవలెను. వలస వచ్చిన బిడ్డను చేర్చు బాధ్యత స్థానిక ప్రభుత్వముదని ఆ చట్టమే చెప్పుచున్నది. పుట్టిన తేదీ కాగితము లేదని త్రిప్పి పంపరాదు. సాధ్యమైనంత వరకు మాతృభాషలోనే బోధింపవలెననియు అందులో నున్నది. ఆ "సాధ్యమైనంత వరకు" అను మాటలోనే మా కథ అంతయు ఇమిడియున్నది.

రెండేండ్ల క్రిందట మా గ్రామపు ప్రాథమిక పాఠశాలలో బట్టీ పిల్లలు పదునొకండుగురు చేరిరి. పంతులుగారు మంచివాడు, ఓపికగలవాడు. అయితే రెండు మూడు తరగతులు ఒక్క గదిలో కూర్చుండబెట్టుకొని చెప్పవలసినవాడు. తెలంగాణలో 2022–23 విద్యాసంవత్సరము నుండి సర్కారు బడులలో ఇంగ్లీషు మాధ్యమము వచ్చినది గదా, పుస్తకమునకు ఒక ప్రక్క ఇంగ్లీషు, ఎదుటి ప్రక్క తెలుగు అచ్చువేయుచున్నారు. ఈ పిల్లలు ఆ పుస్తకము తెరచిరి. ఎడమ పుట తెలియదు, కుడి పుట తెలియదు. రెండు గోడల నడుమ కూర్చున్నట్లు కూర్చుండిరి. పంతులుగారు మా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, సాయంత్రం పూట మీరు కొంచెం తెలుగు చెప్పుండ్రి, పుణ్యముంటది" అనిరి. మేము సంతోషముగా ఒప్పుకొంటిమి. ఇంత సులభముగా ఒప్పుకొనిన పనులలోనే మనుష్యుడు ఎక్కువ తప్పులు చేయునని ఇప్పుడు తోచుచున్నది.

గుడి వరండాలో దీపము వెలిగించి ప్రారంభించితిమి. మేము మిషను సెమినరీలో హెబ్రీ అక్షరములు నేర్చుకొనిన దినములలో పడిన తిప్పలు జ్ఞాపకముండెను గాని, అవి పరీక్ష కొరకు పడిన తిప్పలు. అన్నము కొరకు పడినవి కావు.

ఒక చిన్న సంగతి చెప్పెదము. మధ్యాహ్న భోజనమువేళ వంటచేయు అక్క ఒక చిన్నదాని పళ్లెములో గరిటెడు అన్నము వేసి, "చాలా?" అని అడిగెను. ఆ పిల్ల వెంటనే పళ్లెము తీసికొని వెళ్లిపోయెను. మరునాడును అట్లే. "ఈ పిల్ల పిట్ట లెక్క తింటది" అని అక్క అనుకొనెను. వారి మాటలో 'చాల' అనగా 'పద, నడువు' అని అర్థమట! అక్క "ఇంక పో" అన్నదని ఆ బిడ్డ అనుకొని, సగము కడుపుతో లేచిపోవుచుండెను. వారము దినములు ఇట్లు జరిగినది. ఎవరి తప్పును లేదు. ఒక్క మాట రెండు భాషలలో రెండు దారులు పట్టినది, ఆ రెంటి మధ్య ఒక చిన్న కడుపు ఖాళీగా నుండెను.

ఇటువంటివి చాల నేర్చుకొంటిమి. ఒడియాలో 'కాలి' అను ఒకే మాట నిన్నకును రేపునకును చెల్లును. కాబట్టి మన 'నిన్న', 'రేపు' అను రెండు మాటలు వారికి నిలువవు, "రేపు జరమొచ్చింది" అందురు. వారి క్రియాపదములకు స్త్రీపురుష భేదము లేదు గనుక "అమ్మ వచ్చిండు" అందురు, మన పిల్లలు నవ్వుదురు. స్వగ్రామమున రెండవ తరగతి చదివిన ఒక పిల్లవాడు తెలుగు సున్నను చూచినప్పుడెల్ల 'ఠ' అని చదువుచుండెను. తెలివితక్కువవాడని మేము అనుకొంటిమి. తరువాత ఒడియా అక్షరమాల తెప్పించి చూడగా, వారి 'ఠ' అచ్చముగా మన సున్న వలెనే గుండ్రముగా నున్నది! వాడు తప్పు చదువలేదు. తనకు నేర్పినదానిని శ్రద్ధగా చదివెను.

మరియొక వింత. పుస్తకపు మాటలు కష్టమనియు ఇంటిమాటలు సులభమనియు మేము తలంచితిమి. ఈ పిల్లల విషయములో తారుమారైనది. సూర్యుడు, చంద్రుడు, నది, పర్వతము, పుస్తకము, రాజు – ఇవి సంస్కృతమునుండి వచ్చినవి గనుక ఇటును అటును ఒక్కటే. నీళ్లు, ఇల్లు, చెట్టు – ఇవే వారికి కొండలు. పర్వతము తెలిసిన బిడ్డకు గడప తెలియదు.

ఇక దాచవలసిన సంగతి వ్రాయవలసియున్నది.

ఆ పదునొకండుగురిలో తొమ్మిది పదేండ్ల బాలిక యుండెను. మాట్లాడదు. మూడు నెలలు వచ్చినది, కూర్చున్నది, వెళ్లినది. పలక మీద వ్రాయుమనిన వ్రాయును, చదువుమనిన తల దించును. క్రిస్మసు దినములలో మేము పని వత్తిడిలో నుండి, విసుగుచేత, ఆ బాలిక ఎదుటనే పంతులుగారితో, "దీనికేం ఎక్కదు, వదిలెయ్యుండ్రి" అంటిమి. ఆమెకు అర్థము కాదను ధైర్యముతోనే అంటిమి.

ఫిబ్రవరి నెలలో ఒక సాయంకాలము మేము వరండాకు ఆలస్యముగా వచ్చితిమి. ఆ బాలిక తన తమ్ముని కూర్చుండబెట్టి పలక మీద 'అ' దిద్దించుచుండెను. వాడు దిద్దక అటునిటు చూచుచుండగా, ఆమె మా వలెనే చెయ్యి విసరి, స్పష్టమైన తెలుగులో, "దీనికేం ఎక్కదు, వదిలెయ్యుండ్రి" అనెను.

అది ఆమె నోట మేము వినిన మొదటి పూర్తి తెలుగు వాక్యము. ఉచ్చారణలో ఒక్క దోషమును లేదు. తమ్ముని 'దీనికి' అనెనే గాని, అదియు మా మాటనే ఉన్నదున్నట్లు చెప్పుటవలన వచ్చినది. ఆ వాక్యము యొక్క భావము ఆమెకు సరిగా తెలియదేమో, పాఠము చెప్పువారు ఇట్లే అందురని అనుకొనియుండును. అయినను మా కాళ్లు గడప దాటలేదు. ఆ రాత్రి భోజనము ఎట్లు చేసితిమో మాకు జ్ఞాపకము లేదు. మా ఇంటి అమ్మగారు సంగతి విని, ఏమియు అనక, "ఇంకెన్ని మాటలు మనవి ఆ పిల్ల దగ్గరున్నయో" అని మాత్రము అనిరి.

యోసేపు కథ మనమందరము ఆదివారపు బడిలో నేర్చుకొంటిమి. ఐగుప్తులో అతని ఎదుట నిలిచిన అన్నలు తమ భాషలో తమ పాపమును గూర్చి మాటలాడుకొనిరి. నడుమ ద్విభాషి యున్నాడు గనుక ఈ అధికారికి మన మాట తెలియదని అనుకొనిరి. అతడు సమస్తమును విని, ప్రక్కకు పోయి ఏడ్చెను. ఈ కథ మీద మేము ఎన్ని ప్రసంగములు చేసితిమో లెక్కలేదు గాని, ఎన్నడును మమ్మును మేము ఆ అన్నల స్థానమున నిలువబెట్టుకొనలేదు. మన పొలములలో, మన ఇంటి పనులలో, బస్సులో మన ప్రక్కన, మన భాష ఎరుగని వారు కూర్చున్నప్పుడు మనము ఎంత నిర్భయముగా మాటలాడుదుము! వారి వాసన గూర్చి, వారి నూకల అన్నము గూర్చి, వారి ఆడవారిని గూర్చి! ఆ మాటలన్నియు ఎక్కడికి పోవుచున్నవి? ఒక బిడ్డ చెవిలో గింజల వలె పడి, అర్థము మొలకెత్తు దినము కొరకు కనిపెట్టుచున్నవి.

అప్పుడు మాకు ఈ ప్రశ్న వచ్చినది. పరదేశి బిడ్డకు మన భాష నేర్పుట నిజముగా మేలేనా? ఆమె మొదట గ్రహింపబోవునది మన పద్యములా, మన తిట్లా? ఎరుగకుండుటలోనే ఆమెకు ఒక మరుగు ఉన్నది కాదా? ఆ మరుగును తీసివేయుటకు మనకేమి అధికారము?

ఈ ప్రశ్నను మేము చాల దినములు మోసితిమి. సంఘ పెద్దల కూటములోను పెట్టితిమి. అయితే పెద్దల ప్రశ్నలు వేరుగా నుండెను. ఒకరు, "ఆరు నెలలుండి పోయేటోళ్లకు తెలుగెందుకయ్యగారూ?" అనిరి. మరియొకరు, "మన ఊరికొచ్చినోళ్లు మన భాష వాళ్లే నేర్చుకోవాలె, మనం పలకబట్టుకొని వాళ్లెంట పోవుడేంది?" అనిరి. రెండవ మాట అనేకులకు న్యాయముగా తోచెను. మాకును కొంత వరకు న్యాయముగానే తోచెను. రాష్ట్రములో 2018లో ప్రతి బడిలోను తెలుగు తప్పనిసరి చేయుచు చట్టము చేసినారు. అది మన భాషకు మేలు, దానిని మేము కాదనము. కాని తప్పనిసరి అను మాటకు రెండు కొసలున్నవి. నేర్చుకొనుట బిడ్డకు తప్పనిసరియైనయెడల, నేర్పుట మనకు తప్పనిసరి కావలెను. మొదటి కొసను పట్టుకొని రెండవ దానిని వదలినయెడల అది భాషాభిమానము కాదు, వాకిలి కాపలా.

గిలాదువారు యొర్దాను రేవులయొద్ద చేసినది ఆ కాపలాయే. 'షిబ్బోలెతు' అను ఒక్క మాట పలుకుమనిరి. పలుకలేక 'సిబ్బోలెతు' అనినవాడు అక్కడనే చచ్చెను. నలువది రెండు వేలమంది అని గ్రంథము చెప్పుచున్నది. వారికి ఆ శకార సకారముల భేదమును నేర్పుటకు ఎవరును పూనుకొనలేదు, పరీక్షించుటకు మాత్రము అందరును కత్తులతో నిలిచిరి. ఇప్పుడు కత్తి లేదు. "అమ్మ వచ్చిండు" అనిన బిడ్డను చూచి తరగతి అంతయు నవ్వినప్పుడు, ఆ బిడ్డ మరునాడు బడికి రాక బట్టీలో ఇటుకలు తిరుగవేయుచున్నప్పుడు, రేవు దాటినదా లేదా మీరే చెప్పుడి.

పెంతెకొస్తు దినమున జరిగినది దీనికి ఎదురు. ఆ దినమున పార్తీయులును మాదీయులును ఏలామీయులును కూడియుండగా, మీరందరు ముందు గలిలయ భాష నేర్చుకొని రండని అపొస్తలులు అనలేదు. ఎవని భాష వానికి వినబడెను. భారము వినువాని మీద గాక పలుకువాని మీద పడెను. సెమినరీలో మాకు సంఘ చరిత్ర చెప్పిన గురువుగారు ఇదే వరుసలో మిషనరీలను గూర్చి చెప్పుచుండిరి. 1726లో తరంగంబాడి నుండి మద్రాసునకు వచ్చిన బెంజమిన్ షుల్జ్ దొర తెలుగు నేర్చుకొని లేఖనములను తెనిగించుటకు పూనుకొనెను. తరువాత వచ్చినవారును మునిషీల ఎదుట నేలమీద కూర్చుండి 'క' గుణింతము వల్లించిరి. మనలను ఇంగ్లీషు నేర్చుకొని రండని అనలేదు. మనము దానివలన మేలు పొందితిమి. మేలు పొందినవారమై, ఎనిమిదేండ్ల పరదేశి బిడ్డతో 'నీవే నేర్చుకో' అనుట ఎట్లు? దొరగారికి మునిషీ యుండెను, జీతముండెను, నేర్చుకొనుటకు ఏండ్ల గడువుండెను. బట్టీ బిడ్డకు మొదటి దినముననే మూడవ పాఠము.

ఇక ఆరు నెలలుండి పోవువారికి ఎందుకు అను మాట. మన పాలమూరు కూలీలు తరతరములుగా దేశమంతట ఆనకట్టలు కట్టిరి, బొంబాయిలో మేడలు కట్టిరి. మన పద్మశాలీలు భీవండికిని షోలాపూరునకును మగ్గముల వెంట పోయిరి. బొంబాయి నగరపాలక సంస్థ మరాఠీతో పాటు మరికొన్ని భాషలలో బడులు నడిపెను, వాటిలో తెలుగు బడులును గలవు. షోలాపూరులోను తెలుగు బడులు వెలసెను. పరాయి నగరము మన పిల్లలకు పలక ఇచ్చినది. మీరును ఐగుప్తులో పరదేశులై యుంటిరని మోషే ఎన్ని మారులు జ్ఞాపకము చేసెను! కూటములో మేము ఇది చెప్పినప్పుడు, వెనుక కూర్చున్న ఒక పెద్దమ్మ, "మా పెద్దోడు బీమండీలనే సదివిండయ్యగారూ" అనిరి. ఆ మాట మా వాదమంతటికంటె ఎక్కువ పని చేసెను.

అయితే మా ప్రశ్న మిగిలియేయుండెను. దానికి జవాబు వాదములో దొరకలేదు. మే నెలలో దొరికెను, అదియు మేము కోరిన రీతిని కాదు.

సెలవుల ముందు బట్టీ లెక్కలు తేల్చుదురు. ఆ బాలిక అప్పటికి తెలుగు బాగుగా మాటలాడుచుండెను, అంకెలును కొన్ని మాటలును చదువుచుండెను. తండ్రి ఆమెను వెంటబెట్టుకొని గుమాస్తా యొద్దకు పోయెను. మేము అచ్చటనే మరియొక పనిమీద నుంటిమి. గుమాస్తా, "మీ నాయనకు సిగ్గున్నదా అని అడుగు" అనెను. ఆ పిల్ల తండ్రివైపు తిరిగి నెమ్మదిగా ఏదో చెప్పెను. మాకు అప్పటికి వారి మాటలు కొన్ని తెలిసియుండుటచేత వింటిమి. పైకము తక్కువ పడుచున్నదని అయ్య చెప్పుచున్నాడు – అంతే చెప్పెను. తండ్రి కోపముతో ఒక మాట అనెను. దానిని ఆమె తెలుగులో, "మల్లొకసారి చూడమంటుండు" అని చెప్పెను. ఇటు విషమును అటు విషమును తన నోటనే మ్రింగి, ఇద్దరికిని నీళ్లు పోసినది. పదేండ్ల బిడ్డ!

అబద్ధమాడెనని కొందరనవచ్చును. మేము అనము. తొమ్మిదవ ఆజ్ఞను మీరిన దోషము ఆ చోట ఎవరిదైనను కానిండు, ఆమెది కాదు. పెద్దవారి అప్పుల మధ్యను, పెద్దవారి కోపముల మధ్యను చిన్నదానిని ద్విభాషిగా నిలువబెట్టినవారిది. ఆ చలికాలమున ఆమె తల్లికి ఆడువారి జబ్బు చేసినప్పుడు ఆసుపత్రిలో డాక్టరుకు చెప్పవలసినదియు ఆ బిడ్డయే. తల్లి సిగ్గుచేత సగము చెప్పెను, బిడ్డ తెలియక అందులో సగము చెప్పెను. భాష నేర్పితిమని మేము సంతోషించుచుండగా, ఆ భాష ఆమె తలమీద ఇంకొక తట్ట అయ్యెను. ఇటుకల తట్టకంటె బరువైనది.

కాని కథ అంతటితో ఆగలేదు. గుమాస్తా చీటీ వ్రాసి ఇచ్చెను. ఆ పిల్ల దానిని వ్రేలు పెట్టి చదివి, అందులో వేసిన ఇటుకల సంఖ్య తండ్రి చెప్పిన సంఖ్యకంటె తక్కువగా నున్నదని పైకి చదివెను. చుట్టునున్న కుటుంబములు విని, తమ తమ చీటీలు తెచ్చి ఆమె చేతికిచ్చిరి. ఆ సాయంకాలము గుమాస్తా మా ఇంటికి వచ్చి కుర్చీలో కూర్చుండి, మర్యాదగానే, "అయ్యగారూ, పిల్లలకు పాటలు నేర్పుండ్రి, కథలు చెప్పుండ్రి. లెక్కలెందుకు? మంచిగుండదు" అనెను.

చదువరులు మమ్మును క్షమింపవలెను. మా గుడి ప్రహరీ గోడకు ఇటుకలు ఆ బట్టీవారే సగము ధరకు ఇచ్చియుండిరి. గోడ ఇంకను ఒక ప్రక్క మిగిలియుండెను. మేము గుమాస్తాకు కాఫీ ఇచ్చి, చూతములెమ్మని పంపితిమి. ఎండలు ఎక్కువగా నున్నవని చెప్పి నాలుగు దినములు వరండా బడిని మూసితిమి. ఎండలు నిజముగానే ఎక్కువగా నుండెను. నిజమైన సాకుకంటె చెడ్డది లేదు. అయిదవ దినమున పిల్లలు తమంతట తామే వచ్చి, తాళము వేసియున్న వరండా మెట్లమీద కూర్చుండి, ఆ బాలిక చెప్పుచుండగా అక్షరములు వల్లించుచుండిరి. తాళము తీసితిమి. మిగిలిన గోడ ఇప్పటికిని ముండ్ల కంపతోనే యున్నది. ఆదివారము మేకలు లోపలికి వచ్చినప్పుడు మా పెద్దలలో ఒకరిద్దరు మా వంక చూచుచుందురు.

మాకు వచ్చిన జవాబు అది. ఎరుగమి మరుగని మేము తలంచినది మరుగు కాదు, చీకటి. ఆ చీకటిలో అవమానము వినబడదు నిజమే, మోసమును కనబడదు. బిడ్డకు రెండును తెలియుట మేలా, రెండును తెలియకుండుట మేలా అని ఆమెను ఎవరును అడుగలేదు గాని, మెట్లమీద కూర్చుండి ఆమెయే చెప్పినది.

ఎట్లు నేర్పవలెనను విషయమున మేము నిపుణులము కాము. అయితే మా తప్పులవలన కొన్ని తెలిసినవి. మొదట వారి మాటను తుడిచి మన మాటను వ్రాయజూచితిమి, అది తప్పు. 1953లోనే ఐక్యరాజ్య సమితి విద్యాసంస్థ యునెస్కో, చదువు మాతృభాషలో మొదలు పెట్టుట బిడ్డకు మేలని ప్రకటించెను. మన రాజ్యాంగములోను 1956లో చేర్చిన 350ఎ అధికరణము అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో నిచ్చు వసతి కల్పింప యత్నించుమని రాష్ట్రములకు చెప్పుచున్నది. ఒడియా పుస్తకములను, ఒడియా బోధకులను తెప్పించి బట్టీల యొద్దనే పాఠములు చెప్పించిన చోట్లు మన రాష్ట్రములో ఉన్నవి. పిల్లలు ఊరు విడువకుండ ఒడిశాలో వలస కాలపు వసతిగృహములను నడుపుచున్నారు. అది మంచి ఏర్పాటేగాని తల్లిని ఆరు నెలలు విడిచియుండవలెను. ఏ బిడ్డకు ఏది మేలో దూరముననుండి తీర్పు చెప్పుట మా పని కాదు. మా వంటి చిన్న వరండాలో ఒడియా పండితుడు లేడు. కాబట్టి మేము మరియొక ఉపాయము పట్టితిమి. 2004 ప్రాంతమున ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గోండి, కోయ, కొలామి, సవర మొదలగు గిరిజన భాషలకు తెలుగు లిపిలో వాచకములు చేయించెను. వాటిలో ఆదివాసీ ఒడియాయు నుండెను. ఆ మార్గమున, ఆ పిల్లల ఇంటి మాటలనే తెలుగు అక్షరములలో వ్రాసి చదివించితిమి. అర్థము తెలిసిన మాట, అక్షరము మాత్రము క్రొత్తది. ఒక్క కష్టము ఒక్క మారు. నెల దినములలో పిల్లలు తమ మాటను తామే చదువుకొని కేకలు వేసి నవ్విరి.

ఇంకొకటి. వీధిలో ఆటలాడు తెలుగు వచ్చినంత మాత్రమున పాఠపు తెలుగు వచ్చినదని తలంపరాదు. 1979లో జిమ్ కమ్మిన్స్ అను కెనడా పండితుడు ఈ రెంటికిని గల భేదమును చూపెను. వాడుక మాట రెండేండ్లలో పట్టుబడవచ్చును గాని, చదువు మాట తోటివారితో సమముగా రావలెనంటే అయిదు నుండి ఏడేండ్లు పట్టునని అతడు చెప్పెను. ఆరు నెలలుండి పోవు బిడ్డను మూడవ నెలలో 'దీనికేం ఎక్కదు' అనినవారము, మేము ఏ గడియారము చూచి అంటిమో!

ఆ బాలిక జూనులో వెళ్లినది. వెళ్లునప్పుడు ఆ వాక్యమును గూర్చి ఆమెను క్షమాపణ అడుగవలెనని మేము అనుకొంటిమి. ఒడియాలో ఆ మాట ఏమో ఒకరిని అడిగి తెలిసికొని, వల్లించుకొని, లారీ యొద్దకు పోయితిమి. మేము చెప్పితిమి. ఆమె విని, తలయూచి, "అయ్యగారూ, తప్పు చదివిండ్రు" అని, ఆ మాటను రెండు మారులు సరిగా పలికి మా చేత పలికించినది. మూడవమారు కుదిరినది. లారీ కదిలెను.

మరుసటి సంవత్సరము ఆ కుటుంబము రాలేదు. వేరే బట్టీకి పోయిరో, ఊరిలోనే యుండిరో సర్దారు చెప్పలేదు. క్రొత్తవారు దిగిన సాయంకాలము మేము మాటల పుస్తకము చంకన పెట్టుకొని పోయితిమి. మొదటి పుటలో 'నీళ్లు – పాణి' అని యుండెను. బిందె చూపి, "పాణి" అంటిమి. పిల్లలు ఒకరినొకరు చూచుకొని పకపక నవ్విరి. అది పుస్తకపు మాటయట, బడిలో పంతులు చెప్పునదియట. వారి ఇండ్లలో దానిని 'పాయెన్' అందురట. మన తెలుగును చేరకమునుపే ఆ పిల్లలు ఇంటి మాటనుండి బడి మాటకు ఒక ఏరు దాటవలసియున్నదని అప్పుడు తెలిసినది. మేము పెన్సిలు తీసి, 'పాణి' ప్రక్కన 'పాయెన్' అని వ్రాసికొంటిమి. ఆరేండ్ల పిల్లవాడొకడు మా భుజము మీదుగా వంగి, సరిగా వ్రాసితిమో లేదో చూచుచుండెను.